గిల్లని చిగురు

నూజివీడు రైల్వేస్టేషన్ నూజివీడులో ఉండదు. ఈ సంగతి తెలియక, నా పెళ్ళైన కొత్తలో మా పెద్దన్నయ్య రైలు దిగి అరగంటసేపు అక్కడివాళ్ళందరినీ మా ఇంటికి దారి అడిగాడట. స్టేషన్ ఉన్నది హనుమాన్ జంక్షన్‌లో. మా ఊరి నుంచి గంట బస్సు ప్రయాణం. అందుకని ఆ ఆదివారం పొద్దున్న రాజమండ్రి వెళ్ళే పాసింజరు అందుకోవాలంటే మొదటి బస్సే ఎక్కాలి. నేను లేచేసరికి మా ఆయన స్నానం చేసి, సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెళ్ళి చూపులకి కూడా అంత తొందరపడలేదు మహానుభావుడు.

ఇది ఎనభై అయిదు జూన్ మాట. మృగశిర కార్తె వచ్చి, ఒక వాన పడి, తోటల్లో ఆఖరి కోతలు అవుతున్నాయి. మా ఆయన పేరు భావనారాయణ. మామిడికి అంటు కట్టడం ఆయన పని. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, ఆ కోతలో మంచి చెట్టు పుల్ల దూర్చి, పేలికతో బిగించి కట్టడం. చెప్పడానికి ఇంతే. చేసినవాడికి తెలుస్తుంది. ఆగిరిపల్లి నుంచి మైలవరం దాకా ఏ తోటలో అడిగినా "ఈ వరస భావనారాయణగారి చేతిదండీ" అంటారు.

ఆయన పుట్టింది మాత్రం గుడి అర్చకుల ఇంట్లో. అన్నగారికి గుడి వచ్చింది, ఈయనకి చాకు వచ్చింది. మా అత్తగారికి ఆ పని పేరే గిట్టేది కాదు. సాయంత్రం ఈయన గుమ్మం తొక్కగానే మడి చీరతో వంటింట్లోంచి "వచ్చాడమ్మా, అంటు కట్టొచ్చాడు! ముందు నూతి దగ్గరికి పొమ్మను" అని కేకేసేది. ఆవిడకి అంటు అంటే మైల. ఈయనకి అంటు అంటే అన్నం. ఈయన ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు, నూతి దగ్గరికి పోయి నాలుగు చేదలు పోసుకుని వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. అబద్ధం బొత్తిగా రాదు. "ఈ మొక్క బతుకుతుందాండీ" అని అడిగితే "బతకదు" అని మొహం మీదే చెప్పి బేరం పోగొట్టుకునే రకం.

నాకూ ఆయనకీ పదేళ్ళుగా ఒకటే తగువు. చాట్రాయిలో మా పుట్టింటి దొడ్లో మా నాయనమ్మ నాగేశ్వరమ్మ టెంక పాతి పెంచిన రసం చెట్టు ఉండేది. నాగేశ్వరమ్మ చెట్టు అనేవాళ్ళం. దాని పండు పండినా పచ్చగానే ఉండేది, అందుకని వ్యాపారులు దాని మొహం చూసేవాళ్ళు కాదు. మాకదే మేలయింది, అన్నీ మేమే తినేవాళ్ళం. ముచిక కొరికి ఉమ్మేసి రసం పీల్చుకుంటే, తీపంతా అయిపోయాక నాలిక చివర పచ్చకర్పూరం వాసన మిగిలేది. అలాంటి పండు నేను మళ్ళీ ఎక్కడా తినలేదు, నూజివీడులో ఉండి కూడా!

డెబ్బై అయిదులో ఆ చెట్టు పుల్లలు తెచ్చి మా ఆయన పదకొండు మొక్కలకి అంటు కట్టాడు. పదకొండూ చిగిర్చాయి. ఆ నెలలోనే మా పక్కవాటాలో ఉండే తాలూకాఫీసు గుమాస్తా సోమయాజులుగారికి రాజమండ్రి బదిలీ అయింది. ప్రాణస్నేహితుడాయె. ఈయన పదకొండిట్లో ఏపుగా ఉన్నదాన్ని డబ్బాతో సహా తీసి ఆయన చేతుల్లో పెట్టేశాడు. "కట్టు కింద నుంచి చిగురు లేస్తే గిల్లెయ్యండి. అది పైదానికి తిండి అందనివ్వదు" అని నాలుగుసార్లు చెప్పాడు. ఎవరికి మొక్క ఇచ్చినా ఆయన చదివే మంత్రం అదొక్కటే.

మా దగ్గర మిగిలిన పదింటికీ తానే రోజూ చూసి చూసి గిల్లాడు. వేసవికల్లా పదీ ఎండిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ కట్టాడు, ఆ పైయేడూ కట్టాడు. ఒక్కటీ నిలవలేదు. ఎందుకో ఆయనకే అంతు చిక్కలేదు. ఈలోగా డెబ్బై ఏడు నవంబరు తుఫాను గాలికి తల్లి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. చెప్పుకుంటే సిగ్గు గాని, నాయనమ్మ పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చాను.

ఎనభై ఒకటిలో ఉండబట్టలేక ఈయన చేత రాజమండ్రికి కార్డు రాయించాను. చెట్టు ఏపుగా ఉంది గాని కాయలు చచ్చే పులుపు, పచ్చడికి తప్ప పనికిరావు అని జవాబు వచ్చింది. మా ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "పైది పోయింది. కింది టెంక మొక్క పెరిగింది" అన్నాడు. చేతిలో ఉన్న బంగారాన్ని దానం చేసొచ్చారని నేను దెప్పని నెల లేదు. ఆయన ఒక్కసారీ జవాబు చెప్పలేదు. అదింకా ఒళ్ళు మండేది నాకు.

ఈ ఎనభై అయిదు జూన్‌లో సోమయాజులుగారి ఉత్తరం వచ్చింది. వెనక గోడవతల పాత మేడ పడగొట్టారట. దాంతో ఎండ తగిలి, ఇన్నాళ్ళూ గొడ్డుగా ఉన్న రెండో పెద్ద కొమ్మ ఈ ఏడు కాసిందట. ఒకే చెట్టు, ఒక కొమ్మ పులుపు, ఒక కొమ్మ అమృతం. వీధి వీధంతా మహిమ అని శుక్రవారం పూజలు చేస్తున్నారట. "విచిత్రమేమిటంటే, ఆ తీపి కాయ పండినా పచ్చగానే ఉంటోంది. మీరొకసారి దయచేయండి" అని రాశారు.

ఆ ఒక్క ముక్క నేను మూడుసార్లు చదివాను. "ఏవండీ, అదేనంటారా?" అన్నాను.

"చూస్తేగాని చెప్పలేను."

"అదే అయితే?"

"నాలుగు పుల్లలు తెచ్చుకుంటే చాలు" అన్నాడు, చాకు సానరాయి మీద రుద్దుతూ. నాలుగు పుల్లలు! ఆ నాలుగు పుల్లలు దొరికితే నా పుట్టిల్లు మళ్ళీ నాకు దొరికినట్టే.

నేను ఏలూరు దాటి ఎరుగను. నలభై ఆరేళ్ళ వయసులో కిటికీ పక్కన చోటు కోసం చంటిపిల్లలా పోట్లాడి కూర్చున్నాను. ఒళ్ళో చిన్న రసాల బుట్ట, ఎదురుగా ఈయన. ఈయన సంచీలో చాకు, తడి గోనెముక్క, పాత పంచె చింపిన పేలికలు. తాడేపల్లిగూడెం, నిడదవోలు, పచ్చటి పొలాలు, కాలవలు, మళ్ళీ కాలవలు. మా మెట్ట నేల మనుషులకి అన్ని నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

కొవ్వూరు దాటాక పెట్టెలో జనం లేచి కిటికీల దగ్గరికి జరిగారు. చక్రాల చప్పుడు మారింది. కింద నేల పోయింది. అమ్మో! నేను బెజవాడలో కృష్ణని చూశాను, నది అంటే అంతే అనుకున్నాను. ఇదేమిటి, నీళ్ళు, నీళ్ళు, అవతలి గట్టన్నదే లేదు! రైలు పోతూనే ఉంది, నీళ్ళు అవుతూనే లేవు. మధ్యలో చిన్న పడవ ఒకటి, అందులో మనిషి నిలబడి ఉన్నాడో కూర్చున్నాడో కూడా తెలియనంత చిన్నగా ఉన్నాడు. పక్కావిడ కొంగు ముడి విప్పి చిల్లర విసిరి దండం పెట్టింది. నేనూ ఒక పావలా విసిరాను. ఏం కోరుకోవాలో తెలుసు, అయినా ఆ నదిని చూశాక ఏమీ కోరలేదు. ఊరికే చేతులు జోడించాను.

మా ఆయన కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ మొహం నేను పాతికేళ్ళలో చూడలేదు. "సుభద్రా, ఈ రెండు ఒడ్లకీ అంటు కట్టినవాడి చెయ్యి ఎలాంటిదోనే" అన్నాడు.

సోమయాజులుగారు స్టేషన్‌కి గొడుగుతో వచ్చారు. జుట్టు తెల్లబడింది గాని ధోరణి మారలేదు. రిక్షా ఎక్కిన దగ్గర్నుంచీ ఊరి చరిత్ర ఎత్తుకున్నారు.

"తొమ్మిది వందల ఏళ్ళ కిందట రాజరాజ నరేంద్రుడు ఏలిన నేలండీ ఇది. ఇక్కడ ఎక్కడ తవ్వినా ఏదో ఒక పాత రాయి తగులుతుంది."

"మరి చెట్టు వేరు దిగిందా?" అన్నాడు మా ఆయన.

"ఆ రోజుల్లో కోట గోడ ఇటువైపే ఉండేదని..."

"నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పెడుతున్నారు?"

నేను నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కాని నిజం చెప్పాలి, ఆ సన్నటి వీధులు, అరుగులు, ఆ పాతకాలపు తలుపులు చూస్తుంటే ఇంతమంది ఇన్ని వందల ఏళ్ళుగా ఇక్కడే వండుకుని తిని పడుకున్నారా అని నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఇన్నీసుపేటలో వాళ్ళ ఇల్లు. పెరట్లోకి అడుగు పెట్టగానే చెట్టు కనిపించింది. మోకాలెత్తులో రెండుగా చీలిన మాను. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్ర గుడ్డ చుట్టారు. మొదట్లో కొబ్బరి చిప్పలు. మా ఆయన సంచీ కింద పడేసి రెండంగల్లో వెళ్ళబోయాడు.

"అన్నయ్యగారూ, ఆగండాగండి!" సోమయాజులుగారి భార్య జగదాంబ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. "ఏమీ అనుకోకండి. రైల్లో వచ్చారు, పదిమందీ తగిలి ఉంటారు. అంటుతో ముట్టుకోకూడదు. గోదాట్లో ఒక్క మునక వేసి రండి, నేనీలోగా వడ్డిస్తాను."

నాకు ఎక్కడ లేని మంటా వచ్చింది. కట్టినవాడికి అంటు, కట్టించుకున్నదానికి మడి! మా అత్తగారు పోయి మూడేళ్ళయినా ఆవిడ కేక ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. మా ఆయన మాత్రం ఎప్పటిలాగే "సరేనమ్మా" అని తువ్వాలు అందుకున్నాడు.

కోటిలింగాల రేవుకి వెళ్ళాం. రైల్లోంచి చూడటం వేరు, మెట్టు దిగి ఆ నీళ్ళలో కాలు పెట్టడం వేరు. పైన గుడి గంట మోగుతోంది. రాజులు పోయారు, కోటలు పోయాయి, ఈ మెట్ల మీద ఈ ఆదివారం మళ్ళీ ఎవరో బట్టలు ఉతుక్కుంటున్నారు. ఆ నీళ్ళలో నుంచుంటే నా పదేళ్ళ కోపం ఎంత చిన్నదో అనిపించింది. ఒక్క నిమిషమే లెండి. చెట్టు గుర్తొచ్చి మళ్ళీ కోపం వచ్చింది.

తిరిగొచ్చి, తడి పంచెతో మా ఆయన చెట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎడమ కొమ్మ నున్నగా ఉంది. కుడి కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బు ఉంది. దాని చుట్టూ వేలితో మెల్లగా తడిమాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నా కట్టే" అన్నాడు. "పైది చావలేదు సుభద్రా. రెండూ బతికాయి."

జగదాంబ ఇత్తడి పళ్ళెంలో పచ్చటి పండు తెచ్చి నా చేతికిచ్చింది. ముచిక కొరికాను. తీపి అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకున్నాను. చివర్లో వచ్చింది, పచ్చకర్పూరం! చాట్రాయి దొడ్డి, నాయనమ్మ చెంగు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. మోచేతుల మీద రసం కారుతుండగా, వయసు మరిచిపోయి వాళ్ళ అరుగు మీద కూర్చుని భోరుమన్నాను.

భోజనాలయ్యాక మా ఆయన చాకు తీశాడు. "చెల్లెమ్మా, కుడి కొమ్మకి నాలుగు పుల్లలు కోసుకుంటాను. తల్లి చెట్టు పోయింది. ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

జగదాంబ మొహం మాడిపోయింది. "మీరు అడక్కడక్క అడిగారు. కాని ఈ చెట్టుకి ఇనుము తగలకూడదండీ. ఈ పదేళ్ళలో తగల్లేదు. కావాలంటే బుట్టెడు పళ్ళు పట్టుకెళ్ళండి" అంది.

పళ్ళెందుకు? టెంక పాతితే ఏ గుణం వస్తుందో ఎవరికి తెలుసు? పుల్ల కావాలి. సోమయాజులుగారు "పోనీ నాలుగే కదే" అని గొణిగారు, ఆవిడ తల అడ్డంగా ఊపింది. తిరుగు రైలుకి ఇంకా రెండు గంటలే ఉంది. నాకు నోరు ఆగలేదు.

"మహిమా లేదు, మన్నూ లేదు వదినగారూ! కట్టు కింద చిగురు గిల్లమని ఈయన నాలుగుసార్లు చెప్పి పంపారు. మీరు గిల్లలేదు. అందుకే రెండు రకాలు. చేసింది తప్పు, దానికి పసుపూ కుంకుమానా?"

"సుభద్రా!" అన్నాడు మా ఆయన. ఆ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

జగదాంబ చెట్టుని చూస్తూ మెల్లగా చెప్పింది. "మీరు మొక్క ఇచ్చిననాటికి నాకు మూడో నెల వదినగారూ. అంతకుముందు రెండు పోయాయి. దిష్టి తగులుతుందని మీక్కూడా చెప్పలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు చిగురు తుంచకూడదంటారు, భర్తా చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదంటారు. కింద చిగురు లేచినప్పుడల్లా అన్నయ్యగారి మాట గుర్తొచ్చేది. గిల్లుదామని వేలు అక్కడిదాకా వెళ్ళేది. చెయ్యి వచ్చేది కాదు. ప్రాణం లేచి వస్తున్నదాన్ని ఎలా తుంచను? కల్యాణి పుట్టేనాటికి అది కొమ్మయిపోయింది. తప్పే. నాకు తెలుసు తప్పని."

గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది కల్యాణి, పదేళ్ళ పిల్ల, రెండు జడలతో. ఆ పిల్లని చూశాక నా నోరు నేనే కోసుకోవాలనిపించింది. ఏం అన్నాను, ఎవరిని అన్నాను!

మా ఆయన చాకు మూయడం మరిచిపోయి నిలబడ్డాడు. "చెల్లెమ్మా, మొదటి వేసవిలో పైదానికి ఎన్ని ఆకులుండేవి, గుర్తుందా?" అని అడిగాడు.

"ఎందుకు గుర్తులేదు? రెండే. అవీ వాడిపోయాయి. పోయిందనే అనుకున్నాం. కిందది మాత్రం గుబురుగా ఉండేది. వానలు పడ్డాక పైది కూడా లేచింది."

ఆయన చతికిలబడ్డట్టు అరుగు మీద కూర్చున్నాడు. నుదుటికి చెయ్యి పెట్టుకున్నాడు.

"పదీ చచ్చాయి" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. "పదింటికీ గిల్లింది నేనే. ఈ జాతి పుల్ల నిదానం. అది లేచేదాకా వేరుకి తిండి పెట్టాల్సింది ఆ కింది ఆకులే. వాటిని నేను గిల్లి పారేశాను. వేరు ఆకలితో మాడి చచ్చింది. మూడేళ్ళు వరసగా నా చేత్తో నేనే చంపాను, ఎందుకు చస్తున్నాయా అని తల బద్దలు కొట్టుకున్నాను. మీరు గిల్లలేదు. మీదొక్కటే బతికింది."

"నా తృప్తి కోసం అంటున్నారా అన్నయ్యగారూ?" అంది జగదాంబ. కళ్ళు నిండిపోయాయి.

"ఆయనకి అబద్ధం రాదు వదినగారూ" అన్నాను నేను. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక అదే చెప్పాను.

మా ఆయన లేచి చాకు మూసి సంచీలో పెట్టేశాడు. చెట్టుకి ఎదురుగా నిలబడి, గుళ్ళో ఎన్నడూ పెట్టనంత శ్రద్ధగా రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. "ఇంక అడగను. అడిగే అర్హత నాకు లేదు. పద సుభద్రా, రైలు టైమవుతోంది" అన్నాడు.

ఇంత దూరం వచ్చి, పండు నోట్లో పెట్టుకుని, ఉత్త చేతుల్తో పోవడమా? కాని ఈసారి నోరు లేవలేదు. బుట్ట తీసుకుని లేచాను.

"కల్యాణీ, ఇలా రా" అని పిలిచింది జగదాంబ. "వినాయక చవితికి పత్రి ఎలా కోస్తావు?"

"చేత్తోనే అమ్మా. విరిచి."

"మామయ్యగారు చూపించిన చోట విరిచివ్వు. ఈ చెట్టు నీది. నువ్వు ఇస్తే దోషం లేదు."

ఆ పిల్ల స్టూలు ఎక్కింది. మా ఆయన కిందనుంచి వేలితో చూపిస్తూ, "అది లేతది తల్లీ, వద్దు. ఆ పక్కది. చివర మొగ్గ ఉబ్బింది చూడు, అదీ. మెల్లగా" అంటున్నాడు. ఏడు పుల్లలు విరిచి ఇచ్చింది. ఆయన ఒక్కొక్కటీ కళ్ళకద్దుకుని ఆకులు తుంచి తడి గోనెలో చుట్టాడు. ప్రతి పుల్లకీ పాలు కారుతున్నాయి, వాటి వాసన కూడా నాకు గుర్తే.

తిరుగు రైలు బ్రిడ్జి ఎక్కినప్పుడు ఆయన కిటికీ వైపు చూడనేలేదు. గోనె చుట్టని గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు. నేనే చూశాను, మళ్ళీ ఆ నీళ్ళన్నీ. పొద్దుటికంటే పెద్దగా కనిపించింది గోదారి. "నేనన్నవన్నీ మరిచిపోండి" అన్నాను. "ఏమన్నావు?" అన్నాడు. నిజంగానే గుర్తులేదో, లేక అబద్ధం నేర్చుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఏడూ మర్నాడే కట్టాడు. కింద నుంచి చిగురు లేచిన ప్రతిసారీ ముప్పై ఏళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతట అవే పోయేవి. "ఏవండీ!" అని నేను అరిచేదాన్ని, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. వేసవి వచ్చింది, పైవి వాడాయి, కిందివి గుబురుగా నిలిచాయి. రెండు పోయాయి. మళ్ళీ మృగశిర వచ్చి వాన పడ్డాక, ఒక పొద్దున్న ఆయన నన్ను చెయ్యి పట్టుకుని మొక్కల దగ్గరికి లాక్కెళ్ళాడు. అయిదింటికీ కట్టు పైన ఎర్రటి కొత్త ఆకులు. నాగేశ్వరమ్మ చెట్టు మళ్ళీ నా ఇంట్లో లేచింది.

ఆ సాయంత్రం ఆయన కూర్చుని కార్డు రాసి, పోస్టు చెయ్యమని నాకిచ్చాడు. చదవకుండా పోస్టు చేసే మనిషిని నేను కాను. సోమయాజులుగారి పేరున కాదు, జగదాంబ పేరున రాశాడు. "అయిదు నిలిచాయి. కింది చిగుళ్ళు గిల్లలేదు" అని రెండే ముక్కలు.

కింద సంతకం దగ్గర, ఊళ్ళో అందరూ గురువుగారూ అని పిలిచే మనిషి, "ఇట్లు, మీ శిష్యుడు, భావనారాయణ" అని రాశాడు.